మంచు చెప్పిన సాక్ష్యము

చదువుకొన్నవారి గోష్ఠులలో ఈ నడుమ ఒక వాదము తఱచుగా వినబడుచున్నది. భూమి వేడెక్కుచున్నదను మాట యెవరైన నెత్తగానే ఒక పెద్దమనుష్యుడు చిఱునవ్వు నవ్వి, "శీతోష్ణములు మాఱుట క్రొత్త సంగతి కాదు. దక్షిణధ్రువమున మంచు త్రవ్వి చూచిన శాస్త్రజ్ఞులే యీ మాట చెప్పినారు. లక్షలయేండ్ల క్రిందట మోటారుబండ్లు లేవు, మిల్లులు లేవు. అప్పుడును వేడి పెరిగినది, మఱల తగ్గినది. అన్నిటికిని మనుష్యుని నిందింపనేల?" అని వాదమును ముగించును. వినువారు తలలూపుదురు, ఫలహారము వచ్చును, మాట వేఱొకదానిమీదికి పోవును.

ఈ వాదము పామరులది కాదు. పామరుడు ధ్రువపు మంచు మాట యెత్తడు. ఇది పట్టములు పొందినవారి వాదము. కావుననే దీనికి గౌరవ మెక్కువ, దీనివలని చెఱుపును ఎక్కువ. అబద్ధమును సులభముగా త్రోసివేయవచ్చును. సగము నిజమును త్రోసివేయుట కష్టము. వీరు సాక్షిని తామే బోనులోనికి పిలిచినారు. అతడు నోరు తెఱచి మొదటి వాక్యము చెప్పగానే, "చాలు, దిగిపొమ్ము" అని పంపివేసినారు. ఆ సాక్షి చెప్పదలచిన తక్కిన మాట లేమి? వానిని విన్నపిదప వీరి తీర్పు నిలుచునా? ఈ రెండు ప్రశ్నలను చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

మొదట సాక్షి యెవరో తెలిసికొందము. దక్షిణధ్రువఖండపు నడిభాగము మిక్కిలి యెత్తైన మంచుపీఠము. అచ్చట రష్యనుల వోస్తోక్ స్థానమున 1983వ సంవత్సరము జూలై 21వ తేదీని సున్నకు దిగువ 89.2 డిగ్రీల చలి నమోదైనది. భూమిపై ఉష్ణమాపకముతో కొలిచిన చలులలో దానిని మించినది లేదు. అట్టిచోట వేసవియందును మంచు కరగదు. ఏటేట పడునది నీటికొలతలో రెండు మూడు సెంటీమీటరులు మాత్రమే. కాని పడినదంతయు నిలిచియుండును. దానిపై మఱుసటియేటిది, దానిపై ఆపై యేటిది పడుచుండును. మొదట మంచు గుల్లగా నుండి, రేణువుల నడుమనున్న గాలి పైగాలితో కలసి మెలగుచుండును. పైబరువు పెరిగినకొలది క్రింది మంచు అణగును. సుమారు నూఱు మీటరుల లోతునకు దిగునప్పటికి రేణువులు ఒకదానితో నొకటి యతుకుకొని, నడుమ చిక్కిన గాలి చిన్న చిన్న బుడగలై మూతపడును. సీసాకు బిరడా బిగించి లక్క వేసినట్లు, అది మొదలు ఆ గాలికి బయటి లోకముతో పొత్తు లేదు. ఒక కిలోగ్రాము మంచులో సుమారు నూఱు మిల్లీలీటరుల గాలి యిట్లు చెఱలో నుండును.

ఇందు ఒక మెలిక కలదు. మంచు పడిన నాడే బుడగ మూతపడదు. లోతునకు దిగినపిదప మూతపడును. కావున బుడగలోని గాలి, దాని చుట్టునున్న మంచుకంటె వయస్సున చిన్నది. మంచు విరివిగా పడు తావుల ఈ తేడా కొన్ని పదుల యేండ్లు. వోస్తోక్ వంటి తావుల కొన్ని వేలయేండ్లు. చదువరులు దీనిని జ్ఞప్తియం దుంచుకొనవలెను. మన ప్రతిపక్షుల బలమంతయు ఈ మెలికలోనే యున్నది.

మంచు ఒక్క సాక్ష్యము గాదు, రెండు సాక్ష్యములను పలుకును. బుడగ ఆనాటి గాలిని చూపును. మంచునీరు ఆనాటి చలిని చూపును. నీటిలోని ప్రాణవాయువునందు తేలికయైనదియు బరువైనదియు కలవు. మేఘ మెంత చల్లబడిన, దానినుండి పడు నీటిలో బరువైన యంశము అంత తగ్గును. డెన్మార్కు దేశీయుడగు విల్లీ డాన్స్‌గార్డ్ 1952వ సంవత్సరము జూన్ నెలలో కోపెన్‌హేగన్ నందలి తన తోటలో ఒక బీరుసీసామీద గరాటు పెట్టి వాననీరు పట్టి, ఈ భేదమును కొలవ మొదలిడెను. పెద్ద యంత్రములు గాక ఒక గరాటు, ఒక సీసా, ఒక ప్రశ్న యీ విద్యకు పునాదియైనవి. ఫ్రాన్సు దేశీయుడగు క్లాడ్ లోరియస్ 1965లో దక్షిణధ్రువఖండమున, త్రవ్వితీసిన మంచుముక్కను విస్కీ గ్లాసులో వేయగా అందుండి గాలిబుడగలు పైకి తేలుట చూచి, ఇది పూర్వకాలపు గాలి గదా యని తలచెనట. మద్యపానమును మేము మెచ్చము. ఐనను ఆ యొక్క గ్లాసువలన లోకమునకు కలిగిన మేలును ఒప్పుకొనక తప్పదు.

ఆ తలంపు ఫలించుటకు చాలకాలము పట్టెను. వోస్తోక్ నందు సోవియట్టులు మంచును త్రవ్విరి, అమెరికావారి విమానములు ఆ మంచుకడ్డీలను మోసినవి, ఫ్రెంచివారు పరీక్షించిరి. రాజ్యములు ఒండొరులపై అణ్వస్త్రములు గుఱిపెట్టుకొన్న కాలమున ఈ మూడు దేశముల పండితులు కలసి పనిచేసిరి. 1987లో వారు 1,60,000 ఏండ్ల గాలిచరిత్రను ప్రకటించిరి. 1998లో త్రవ్వకము 3,623 మీటరుల లోతునకు చేరెను. 1999లో ఆ చరిత్ర 4,20,000 ఏండ్లకు పెరిగెను. పిదప ఐరోపాదేశముల వారు డోమ్ సీ యను తావున 3,270 మీటరులు త్రవ్వి, 2008 నాటికి 8,00,000 ఏండ్ల గాలిని చదివిరి. 2025 జనవరిలో ఆ ప్రాంతముననే 2,800 మీటరుల కడ్డీని తీసి, 12 లక్షల యేండ్లకు మించిన మంచును వెలికితెచ్చిరి.

ఇక పూర్వపక్షములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి పూర్వపక్షము: "ఎనిమిది లక్షల యేండ్లనాటి గాలిని చూచినవా రెవరు? ఇదంతయు ఊహ." కొండమీద పొగను జూచి నిప్పు కలదని నిశ్చయించు విద్యను మన నైయాయికులు నేర్పినారు. అనుమానమునకు హేతువు నిర్దుష్టముగా నుండవలె నని మాత్రము వారి నిబంధనము. హేతువు నిర్దుష్టమో కాదో పరీక్షించుటయే మన పని; ప్రత్యక్షము కాదు గనుక త్రోసివేయుట చార్వాకుల పని. ఈ హేతువును పరీక్షించినారా? పరీక్షించినారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా నేడు పిల్లలు కార్బన్ డయాక్సైడు అని చదువుకొను దానిని, చార్లెస్ కీలింగ్ 1958 మొదలు హవాయి ద్వీపమందలి మౌనాలోవా పర్వతముపై యంత్రముతో కొలిపించెను. దక్షిణధ్రువముననుంచియు అట్టి కొలతలు వచ్చినవి. దక్షిణధ్రువఖండపు తీరమునకు దగ్గఱనున్న లా డోమ్ అను తావున మంచు విరివిగా పడును. అందుచే గాలి త్వరలో మూతపడును. అచ్చటి బుడగలలో ఇటీవలి దశాబ్దముల గాలియు చిక్కియున్నది. యంత్రము కొలిచిన లెక్కయు, బుడగ చెప్పిన లెక్కయు ఒకే కాలమునకు పోల్చి చూచిరి. 1996లో ప్రకటింపబడిన ఆ పోలికలో రెండును కలిసినవి. తెలిసిన విషయమున నిజము చెప్పిన సాక్షిని తెలియని విషయమున విశ్వసించుట లోకన్యాయమే గదా.

అంతియే గాదు. ఈ సాక్షిని మన పెద్దమనుష్యులకంటె శాస్త్రజ్ఞులే యెక్కువగా అనుమానించినారు. మంచును కరగించి గాలిని తీసినయెడల, నీటిలో బొగ్గుపులుసు వాయువు కలసి లెక్క చెడునని తెలిసికొని, గ్రెనోబుల్ పట్టణమున రాబర్ట్ డెల్మాస్ మున్నగువారు మంచును కరగింపకయే గాలిలేని పాత్రలో నలిపి గాలిని తీసి, 1980లో సరియైన లెక్కలను ప్రకటించిరి. గ్రీన్‌లాండు మంచులో ధూళి యెక్కువ. ఆ ధూళిలోని సున్నపుపదార్థము ఆమ్లముతో కలసి లోలోపల బొగ్గుపులుసు వాయువును పుట్టించునని కనుగొని, ఆ వాయువు విషయమున గ్రీన్‌లాండును విడిచి దక్షిణధ్రువమునే ప్రమాణముగా గ్రహించిరి. తమకు చేతనున్న సాక్ష్యమును తామే త్రోసివేసికొన్నవారిని ఊహాజీవులని నిందించుట న్యాయమా?

మఱి సాక్షి యేమి చెప్పెను? ఎనిమిది లక్షల యేండ్లలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్లలో 172 పాళ్లకు తగ్గలేదు. 300 పాళ్లకు మించలేదు. మహాశీతలయుగములలో ఇంచుమించు 180, వెచ్చని యుగములలో ఇంచుమించు 280. చలి, వాయువు ఒకదాని వెంట నొకటి జతయెద్దులవలె నడచినవి. 1750 ప్రాంతమున ఆ వాయువు 280కి ఇంచుక తక్కువ. 1958లో 315. 2013లో మౌనాలోవా పర్వతముపై ఒకనాటి కొలత మొదటిసారిగా 400 చూపెను. 2024లో ఏడాది సగటు 420 దాటెను. మీథేను వాయువు సంగతియు ఇట్టిదే: ఆ యెనిమిది లక్షల యేండ్లలో నూఱుకోట్ల పాళ్లలో ఇంచుమించు 800 మించనిది, నేడు 1,900 దాటినది. మన పెద్దమనుష్యుడు సాక్షిని బోనునుండి దింపివేసినది ఈ లెక్కలు చెప్పుటకు ముందే.

రెండవ పూర్వపక్షము కొంచెము లోతుగా చదివినవారిది: "మంచులో వేడి ముందు పెరిగినది, వాయువు తరువాత పెరిగినది. తరువాత వచ్చినది కారణ మెట్లగును?" పైన చెప్పిన మెలిక ఇచ్చట పనికివచ్చుచున్నది. వేడిని చెప్పునది మంచు. వాయువును చెప్పునది బుడగ. రెంటి వయస్సులు వేఱు. వానిని సరిపోల్చుట సున్నితమైన పని. 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయందు, సుమారు 2,40,000 ఏండ్లనాటి ఒక మార్పులో, దక్షిణధ్రువపు వేడికి ఇంచుమించు 800 ఏండ్లు వెనుకగా వాయువు పెరిగినట్లు తేలెను. కడపటి శీతలయుగాంతమును 2013లో మఱింత సూక్ష్మముగా పరిశీలింపగా, రెండును ఇంచుమించు ఒక్కసారి పెరిగినట్లు తేలెను. పోనిండు, 800 ఏండ్ల యెడమునే యొప్పుకొందము. దానివలన వారి వాదము నెగ్గునా?

ఒక గృహస్థు కూతురి పెండ్లికి అప్పు చేసినాడనుకొనుడు. అప్పునకు మొదటి కారణము పెండ్లి. పిదప వడ్డీ పెరిగెను. వడ్డీమీద వడ్డీ పెరిగెను. తుదకు పొలము పోయెను. పెండ్లి ముందు జరిగినది, వడ్డీ తరువాత వచ్చినది గనుక పొలము పోవుటకు వడ్డీ కారణము కాదని యెవరైన నన్నయెడల మనము నవ్వమా? శీతలయుగముల కథయు నిట్టిదే. భూమి సూర్యుని చుట్టు తిరుగు త్రోవయు, దాని యిరుసు వంపును వేలయేండ్లకొకమారు కొంచెము కొంచెము మాఱుచుండును. సెర్బియా దేశీయుడగు మిలుటిన్ మిలాంకోవిచ్ దీనిని గణించి 1941లో గ్రంథముగా ప్రకటించెను. ఆ మార్పువలన ఉత్తరభాగపు వేసవియెండ కొంత పెరిగి, మంచు కరగ నారంభించును. సముద్రములు మాఱును, వేడెక్కును. ఎండలో పెట్టిన సోడాబుడ్డి మూత తీసినప్పటివలె సముద్రము తనలోని బొగ్గుపులుసు వాయువును వెడలగ్రక్కును. ఆ వాయువు వేడిని మఱింత పెంచును. ఎండలోని ఆ కొలది మార్పు ఒక్కటే భూగోళమంతటిని అంతగా వెచ్చజేయజాలదు. వాయువును లెక్కలో చేర్చిననే లెక్క కుదురును. 2012లో లోకమందలి 80 తావుల సాక్ష్యములను కూర్చి చూచినవారు, దక్షిణధ్రువమును మాత్రము గాక భూమి నంతటిని లెక్కించినయెడల, వేడిలో అధికభాగము వాయువు పెరిగినపిదపనే వచ్చినట్లు చూపిరి. బీజాంకురన్యాయము నెఱిగిన మన దేశమున, కార్యమే మఱల కారణ మగుటను వేఱుగా బోధింపవలసివచ్చుట వింతగా నున్నది.

ఈనాటి సంగతి యింకను స్పష్టము. ఇప్పుడు సముద్రము వేడెక్కి వాయువును విడుచుటలేదు. మనము బొగ్గును నూనెను తగులబెట్టి వాయువును నేరుగా గాలిలోనికి వదలుచున్నాము. పెండ్లి లేకయే అప్పు తెచ్చుచున్నాము.

మూడవ పూర్వపక్షము మొదట చెప్పినదే: "శీతోష్ణములు ఎల్లప్పుడు మాఱుచున్నవి." నిజమే. ఆ మాటనే మేమును పట్టుకొందుము. అవి యెంత కొలది కారణమునకు ఎంత పెద్దగా మాఱినవో మంచు చెప్పుచున్నది. శీతలయుగమునకును వెచ్చని యుగమునకును వాయువులో భేదము ఇంచుమించు నూఱు పాళ్లు. ఆ భేదము తక్కిన కారణములతో కూడి పనిచేసిన కాలమున ఉత్తర అమెరికాపైని, ఐరోపా యుత్తరభాగముపైని కిలోమీటరుల మందమున మంచు నిలిచియుండెను. సముద్రమట్టము నేటికంటె ఇంచుమించు 120 మీటరులు క్రిందనుండెను. చిన్న చప్పుడునకే ఉలికిపడు గుండెజబ్బువాడు ఇంటిలో నున్నాడని తెలిసినయెడల, "అతడు ఎల్లప్పుడు ఉలికిపడుచునే యుండును" అని చెప్పి వాని మంచము ప్రక్కను ఫిరంగి పేల్చుదుమా? భూమి మాఱుస్వభావము కలది యనుట మనకు అభయము కాదు, హెచ్చరిక.

వేగమును కూడ చూడుడు. కడపటి శీతలయుగము వెడలునప్పుడు వాయువు ఇంచుమించు 80 పాళ్లు పెరుగుటకు సుమారు 7,000 ఏండ్లు పట్టెను. ఆ కాలమున మిక్కిలి వేగముగా పెరిగిన ఘట్టములను పశ్చిమ దక్షిణధ్రువఖండపు మంచులో గుర్తించి 2014లో ప్రకటించిరి: ఒకటి రెండు శతాబ్దములలో 10 మొదలు 15 పాళ్లు. నేడు 10 పాళ్లు పెరుగుటకు ఐదేండ్లు పట్టుటలేదు. 1958లో 315గా నున్నది 2021 నాటికి 416 అయినది. నూఱు పాళ్లు అఱువదిమూడేండ్లలో! "పూర్వమును ఇట్టి పెరుగుదల లుండి, బుడగలు నెమ్మదిగా మూతపడుటచే చెరిగిపోయినవేమో" యని కొందఱు చమత్కరింతురు. ఇంత వాయువు ఒక్కమాఱు గాలిలో చేరినయెడల అది కొన్ని దశాబ్దములలో మాయమై పోదు. దానిలో కొంతభాగము వేలయేండ్లు నిలిచియుండును. అట్టిది డోమ్ సీ మంచులో సైతము మచ్చ విడువక మానదు. ఎనిమిది లక్షల యేండ్లలో అట్టి మచ్చ యొక్కటియు లేదు.

నాలుగవ పూర్వపక్షము: "పదివేల పాళ్లలో నాలుగు పాళ్లయిన వాయువు ఏమి చేయగలదు?" దీనికి మన యిల్లాండ్రే సమాధానము చెప్పగలరు. కుండెడు పాలను తెల్లవారునప్పటికి పెరుగుగా మార్చుటకు చెంచాడు తోడు చాలును. ప్రమాణము చిన్నదని ప్రభావము చిన్నది కానేరదు. గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లుగా నున్న నత్రజనియు ప్రాణవాయువును భూమినుండి వెడలు వేడి నడ్డగింపవు; ఈ కొలది వాయువు అడ్డగించును. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. వాయుమండలము దుప్పటివలె వేడిని నిలుపుచున్నదని ఫ్రాన్సున ఫూరియే 1824లో సూచించెను. బొగ్గుపులుసు వాయువు నింపిన గాజుగొట్టము ఎండలో మిక్కిలి వేడెక్కుటను అమెరికాలో యూనిస్ ఫుట్ అను స్త్రీ 1856లో చూపెను. ఏ వాయువు ఎంత వేడిని అడ్డగించునో జాన్ టిండాల్ 1859లో ప్రయోగములవలన స్థాపించెను. స్వీడనునందు ఆర్హీనియస్ 1896లో, ఈ వాయువు హెచ్చినయెడల భూమి యెంత వేడెక్కునో చేతితో గణించెను. ధ్రువపు మంచును త్రవ్వుటకు ఎన్నో యేండ్లకు ముందే సూత్రము సిద్ధముగా నుండెను. మంచు దానికి దృష్టాంతము నిచ్చినది. సూత్రమును దృష్టాంతమును ఏకమైనచోట సందేహమునకు తావేది?

ఇది మనుష్యుని పనియే యనుటకు గుఱుతు కలదా యందురేని, అదియు బుడగలోనే కలదు. కార్బనులో తేలికయైనదియు, ఇంచుక బరువైనదియు కలవు. మొక్కలు తేలికదానిని ఎక్కువగా గ్రహించును. బొగ్గు పూర్వపు మొక్కలనుండి పుట్టినది. నూనె పూర్వపు సూక్ష్మజలజీవులనుండి పుట్టినది. కావున వానిని కాల్చినప్పుడు వెలువడు వాయువులో తేలిక కార్బను పాలెక్కువ. లా డోమ్ బుడగలలో, గడచిన రెండు శతాబ్దములుగా వాయువు పెరిగినకొలది దానిలో బరువు కార్బను పాలు తగ్గుచు వచ్చినది. దొంగ యింటిలో తన వేలిముద్ర విడిచిపోయినాడు.

ఐదవ పూర్వపక్షము వాదము కాదు, నిట్టూర్పు: "కలిప్రభావము. కానున్నది కాక మానదు." ఈ దేశమున సంస్కారమునకు మొదటినుండియు అడ్డు నిలిచినది ఈ నిట్టూర్పే. బాలవితంతువుల దుఃఖము విధివ్రాత యనిరి. మశూచి అమ్మవారి కోపమనిరి. టీకాలు వేయువారు ఊరూర తిరిగిరి; 1980లో ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. కారణము తెలియని కీడును విధి యనుట క్షమింపదగినది. కారణము చేతికి చిక్కినపిదప విధి యనుట సోమరితనము.

కడపటి పూర్వపక్షము మిక్కిలి తీపిగా నుండును, ఏలయన అందు స్వదేశాభిమానము కలదు: "ఈ పాపము పాశ్చాత్యులది. వారు కాల్చినారు, వారు అనుభవింతురు. మనకేల యీ మంచు గొడవ?" ఇందు సగము నిజ మున్నది. దానిని మేము దాచము. వాయువు పెరుగ నారంభించిన నాటికి మన దేశమున ఆవిరియంత్ర మరుదు. తెలంగాణమున సింగరేణి బొగ్గు త్రవ్వకము 1889లో మాత్రమే ఇల్లెందు వద్ద మొదలైనది. నేటికిని తలసరి లెక్కకు మన వాయువు లోకపు సగటుకంటె తక్కువ. కాని మొత్తపు లెక్కకు దేశములలో మనది మూడవ స్థానము. మఱియు గాలికి సరిహద్దులు లేవు. నిలుకడగా కాపురమున్న మనుష్యుడొక్కడును లేని దక్షిణధ్రువఖండపు మంచులో లోకములోని పొయ్యిలన్నిటి పొగయు లెక్కకు వచ్చినది. మన వానలకును ఆ మంచునకును సంబంధము లేదనుకొనుటయు పొరపాటే. పూర్వయుగములలో ఉత్తరభాగపు వేసవియెండ హెచ్చినప్పుడు ఆసియాఖండపు ఋతుపవనములు బలపడి, ఉష్ణదేశముల చిత్తడినేలలు విస్తరించి, మీథేను హెచ్చినది. ఆ హెచ్చుతగ్గులు బుడగలలో నిలిచియున్నవి. మన నేలపై కురిసిన పురాతనపు వానల జాడ కొంత అచ్చట భద్రమై యున్నది. మన దేశీయులును ఊరకుండలేదు: 1981లో మొదటి యాత్ర బయలుదేరెను, 1989లో మైత్రి, 2012లో భారతి యను స్థానములు ఆ ఖండమున నెలకొన్నవి.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. పాశ్చాత్యులు మనకు బాకీపడియున్నారని సభలలో వాదింపగోరుదుమా? అట్లయిన పత్రము చూపవలెను. ఏనాడు వాయువు 280కి లోపల నుండెనో, ఏనాటినుండి పెరిగెనో, అది దేనిని కాల్చుటవలన పెరిగెనో వ్రాసియున్న పత్రము ఏది? యంత్రపు కొలతలు 1958 మొదలు మాత్రమే యున్నవి. అంతకు ముందటి రెండు శతాబ్దముల లెక్క ఈ మంచులో తప్ప ఇంత తెల్లముగా మఱెక్కడను లేదు. ఒక నోటితో "పాశ్చాత్యులదే తప్పు" అనుచు, ఆ నోటితోనే "మంచు సాక్ష్యము వట్టిది" అనువాడు తన బాకీపత్రమును తానే చించివేయుచున్నాడు. తీరమున వరి పండించు రైతునకును, తుపానునకు ఇల్లు పోగొట్టుకొను బెస్తవానికిని న్యాయము కావలెనని వాదింపగల ప్లీడరు ఈ మంచే. వానిని గోష్ఠులలో ఎగతాళి చేయుట దేశాభిమాన మెట్లగును?

బోధకవృత్తియందున్న మేము తోడి యుపాధ్యాయులను, గృహస్థులను కోరునది పెద్ద త్యాగము కాదు. "శీతోష్ణములు ఎల్లప్పుడు మాఱుచున్నవి" అను వాక్యమును పిల్లలకు చెప్పినప్పుడు, దాని తరువాతి వాక్యములను కూడ చెప్పుడు. 172 మొదలు 300 వఱకు ఒక గీత గీసి, అది యెనిమిది లక్షల యేండ్ల హద్దని చూపుడు; దానికి పైన 420 వద్ద నేటి చుక్క నుంచుడు. నల్లబల్లమీద ఇందుకు పట్టు కాలము ఐదు నిమిషములు. ఆపై బొగ్గును ఎంత త్వరగా విడువవలెను, దీపములు ఆర్పకయే ఎట్లు విడువవలెను, అందుకు ధనవంతములగు దేశము లెంత చెల్లింపవలెను, బొగ్గుగనులలో పనిచేయు కుటుంబముల గతి యేమి అను ప్రశ్నలు వచ్చును. అవి కష్టమైన ప్రశ్నలు. వానిపై పండితులకును పామరులకును భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఆ వాదములు మన యిండ్లలోను సభలలోను జరుగవలసినవే. కాని ఆ వాదములకు సాక్ష్యము ముగిసినపిదపనే తావు. సాక్షి యింకను బోనులోనే నిలిచియున్నాడు. అతనిని కడదాక చెప్పనిండు.